అమ్మ వచ్చిన గుమ్మం

పదమూడో ఏడు దాటిందంటే చాలు, పిల్లలకి ఉన్నట్టుండి అమ్మంటే నామోషీ మొదలవుతుంది. నిన్నటిదాకా కొంగు పట్టుకు తిరిగిన పిల్లే, "అమ్మా, స్కూలుకి నువ్వు రాకు, నాన్నని పంపు" అంటుంది. తప్పనిసరై వెళ్ళినా, "ఆ చీర కట్టుకురాకు, అక్కడ ఎవరితోనూ మాట్లాడకు" అని షరతులు పెడుతుంది. మా ఎదురింటావిడ ఓసారి ఈ సంగతి చెప్పి పకపకా నవ్వేసింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళెందుకు ఒత్తుకుందో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇది మన కాలంలో, మన ఇళ్ళలో కొత్తగా పుట్టిన జబ్బేం కాదు. సుమారు నూట పాతికేళ్ళ కిందట, అమెరికాలోని షికాగో నగరంలో, ఇటలీ నుంచి వలస వచ్చిన ఓ పేద ఇంటి పిల్ల అచ్చంగా ఇదే పని చేసింది. ఆ పిల్ల పేరు ఏంజెలీనా. ఆమె కథని జేన్ ఆడమ్స్ అనే ఆవిడ 1910లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో రాసింది. బి.ఏ. చదివే రోజుల్లో ఆ పుస్తకం చదివాను. అందులోని పెద్ద పెద్ద సిద్ధాంతాలన్నీ ఎప్పుడో మరిచిపోయాను గాని, ఏంజెలీనా మాత్రం మనసులోంచి కదల్లేదు. అయితే ఆ పిల్ల కథ చెప్పాలంటే ముందు ఆ ఇంటి కథ చెప్పాలి.

జేన్ ఆడమ్స్ ఉన్నవాళ్ళింటి పిల్ల. చదువుకుంది. తండ్రి పోయాక ఆస్తీ చేతికొచ్చింది. కానీ చదువుకున్న ఆడపిల్ల ఆ రోజుల్లో చేయడానికి పనేముంది? పెళ్ళి చేసుకోవాలి, లేదంటే యూరప్ చూసి రావాలి. ఆవిడ రెండోది చేసింది. అలా తిరుగుతూ 1888లో లండన్‌లో టాయిన్‌బీ హాల్ అనే చోటు చూసింది. విశ్వవిద్యాలయంలో చదివిన కుర్రాళ్ళు పేదవాడల మధ్యకి వచ్చి, అక్కడే కాపురం ఉండి, ఇరుగుపొరుగు వాళ్ళతో కలిసిమెలిసి బతికే ఇల్లు అది. మగపిల్లలు చేయగా లేనిది మనమెందుకు చేయకూడదూ అనుకుంది. కాలేజీ స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌ని తోడు తీసుకుని, 1889 సెప్టెంబరు 18న షికాగోలో హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవంతిలో కాపురం పెట్టింది. 1856లో చార్లెస్ హల్ అనే ఆసామి కట్టించుకున్న ఇల్లు కనక దానికి హల్ హౌస్ అనే పేరు స్థిరపడింది. అప్పటికి జేన్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. కాపురం పెట్టిన మొదటి రాత్రి హడావిడిలో పక్క తలుపు బార్లా తెరిచి పడుకున్నారట. తెల్లారి చూస్తే ఇంట్లోంచి ఒక్క పుల్లైనా పోలేదు.

ఇంతకీ ఆ పేట ఎలాంటిదనుకున్నారు? ఇటాలియన్లు, రష్యా పోలెండ్‌ల నుంచి పారిపోయి వచ్చిన యూదులు, గ్రీకులు, ఐరిష్ వాళ్ళు, జర్మన్లు, బొహీమియా వాళ్ళు. వీధికో భాష, గడపకో దేవుడు. చెక్క ఇళ్ళు, రెండేసి గదులు, ఆ గదుల్లోనే కుట్టుపని. పిల్లలు పద్నాలుగేళ్ళు నిండీ నిండకుండానే ఫ్యాక్టరీలకి పోయేవారు. ఇంట్లో అమ్మానాన్నల భాష, బయట ఇంగ్లీషు. ఇంటికి వెళ్తే ఆ ఇంటివాళ్ళు కారు, వీధిలోకొస్తే ఆ దేశంవాళ్ళూ కారు. ఎదిగీ ఎదగని వయసే ఒక వలస కదా! ఆ పిల్లలకి ఆ వలస రెండింతలు.

ఈ అమ్మాయిలిద్దరూ ఆ పేటకి ఏం పట్టుకెళ్ళారో తెలుసా? బియ్యం బస్తాలూ కాదు, దుప్పట్లూ కాదు. స్టార్ గారు పొరుగింటి ఆడవాళ్ళని కూర్చోబెట్టి నవల చదివి వినిపించింది. నవల రాసుకు బతికేదాన్ని కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను, క్షమించండి. 1891లో హల్ హౌస్‌కి మొట్టమొదట అదనంగా కట్టిన భవనం కూడా చిత్రాల గ్యాలరీయే. కడుపు నిండని వాళ్ళకి బొమ్మలెందుకని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. స్టార్ గారు మంచి చిత్రాల నకళ్ళు తెప్పించి, పుస్తకాలు అరువిచ్చినట్టు పేదల ఇళ్ళకి అరువిచ్చేది.

కానీ ఆవిడకే త్వరలో ఒక సందేహం పట్టుకుంది. రోజుకి పది పన్నెండు గంటలు ఒకే మరముందు ఒకే కుట్టు కుట్టే పిల్ల, సాయంత్రం వచ్చి గోడమీద బొమ్మ చూసి వెళ్తే ఏమొస్తుంది? బొమ్మ చూడడం కాదు, చేత్తో ఏదో ఒకటి చేయడం కావాలి అనుకుంది. అనుకుని ఊరుకునే మనిషి కాదు. లండన్ వెళ్ళి, కాబ్డెన్ సాండర్సన్ అనే పేరుమోసిన పనివాడి దగ్గర పుస్తకాలకి అట్టలు కట్టే విద్య శిష్యరికం చేసి నేర్చుకుని, తిరిగొచ్చి హల్ హౌస్‌లో ఆ పని పెట్టింది. ఆ తర్వాత ఆవిడ మనసు పూర్తిగా కార్మికుల వైపు మళ్ళింది. 1914లో హోటళ్ళలో వడ్డించే ఆడపిల్లలు సమ్మె చేస్తే వాళ్ళ పక్కన నిలబడి అరెస్టయింది కూడాను. నాకు జేన్ మీద గౌరవం, స్టార్ మీద ఇష్టం.

సరే, హల్ హౌస్ ఒక్కొక్క గదే పెరుగుతూ పోయింది. 1893లో సంగీత పాఠశాల పెట్టారు. ఎలినార్ స్మిత్ అనే ఆవిడ దాన్ని ఏళ్ళ తరబడి నడిపింది. నాటకశాల కట్టారు. 1907 నాటికి మొత్తం పదమూడు భవనాలయ్యాయి. వీటన్నిటి మధ్యా 1900లో మొదలైన పనే మన ఏంజెలీనాని పట్టుకొచ్చింది.

జేన్ ఒకరోజు వీధిలో నడిచి వెళ్తుంటే ఒక ఇటాలియన్ ముసలమ్మ అరుగు మెట్ల మీద కూర్చుని తకిలితో నూలు వడుకుతూ కనిపించిందట. ఆ దృశ్యం ఆవిడ మనసులో ముద్ర పడిపోయింది. ఈ చేతులకి తెలిసిన విద్య ఈ ఊళ్ళో ఎవరికీ అక్కర్లేదు. ఆ ముసలమ్మ పిల్లలే మిల్లుల్లో దారం పోగులు అతుకుతున్నారు. కానీ ఆ మిల్లుకి తాత ఈ తకిలేనని ఆ పిల్లలకి తెలియదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే? అలా పుట్టింది లేబర్ మ్యూజియం. పేరుకి మ్యూజియమే గాని, అద్దాల పెట్టెల్లో పెట్టి చూపించేది కాదు. శనివారం సాయంత్రాలు పేటలోని పెద్దవాళ్ళు వచ్చి, తమ తమ దేశాల పద్ధతిలో వడికేవారు, నేసేవారు. తకిలి పక్కన రాట్నం, రాట్నం పక్కన చేమగ్గం, అలా మరమగ్గం దాకా వరుసగా.

ఏంజెలీనా శనివారం సాయంత్రం హల్ హౌస్‌లో వంట క్లాసుకి వచ్చేది. అదే సాయంత్రం వాళ్ళమ్మ మ్యూజియంలో వడకడానికి వచ్చేది. ఇద్దరూ ఒకే ఇంటి నుంచి, ఒకే సమయానికి, ఒకే చోటికి. కానీ ఏంజెలీనా ఎన్నడూ అమ్మ వచ్చే గుమ్మంలోంచి వచ్చేది కాదు. తలకి రుమాలు, కాళ్ళకి మొరటు జోళ్ళు, పొట్టి లంగా, నోట్లో ముక్క ఇంగ్లీషు లేదు. ఆవిడ మా అమ్మ అని పదిమందికీ తెలిస్తే ఇంకేమన్నా ఉందా! అందుకని చుట్టూ తిరిగి మరో గుమ్మంలోంచి వచ్చేది.

ఒకరోజు విశ్వవిద్యాలయం నుంచి ఉపాధ్యాయ విద్య చదివేవాళ్ళు కొందరు మ్యూజియం చూడడానికి వచ్చారు. వాళ్ళందరూ వాళ్ళమ్మ చుట్టూ మూగి, ఆ వేళ్ళ నేర్పు చూసి ముక్కున వేలేసుకోవడం ఏంజెలీనా కళ్ళపడింది. తర్వాత జేన్ దగ్గరకొచ్చి, మా అమ్మ ఈ దేశం మొత్తంలో తకిలి తిప్పడంలో మొదటిదంటున్నారు, నిజమేనా అని అడిగింది. జేన్ నవ్వి ఊరుకోలేదు. నిజమే అయ్యుంటుంది అంటూ కారణం చెప్పింది. మీ అమ్మ పుట్టిన ఊరు నిట్టనిలువు కొండ చరియ అంచున ఉంది, అక్కడి ఆడవాళ్ళు ఆ అంచున నిలబడి తకిలిని లోయలోకి వేలాడదీసి వడికేవారు, అంత లోతుకి దారం తెగకుండా దించాలంటే ఆ చేతులకి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేని నేర్పు రావాలి మరి, అంది. ఆ కొండగాలినీ ఆ వెలుగునీ వదులుకుని ఈ రెండు గదుల కొంపలోకి రావడం మీ అమ్మకి ఎంత కష్టమై ఉంటుందో, తన చేత్తో నేసుకున్న రుమాలు తీసేసి అంగడిలో దొరికే అనాకారి టోపీ పెట్టుకోమంటే ఎలా ఉంటుందో కూడా చెప్పింది.

తర్వాతేమైందో విన్నారా? ఇంట్లో ఒక పెద్ద పెట్టెలో, ఇటలీ నుంచి తెచ్చుకున్న చేనేత బట్టలు ఉండేవట. మోటుగా ఉన్నాయని ఏంజెలీనా వాటిని ఎవరికంటా పడకుండా దాచేయించింది. ఇప్పుడు వాటిని బయటికి తియ్యనిచ్చింది. పెట్టెలో ఉన్న బట్టలు తియ్యడానికి తల్లికి కూతురు అనుమతి కావలసి రావడం చూశారూ! ఆ తర్వాత శనివారం నుంచి అమ్మ వచ్చే గుమ్మంలోంచే ఏంజెలీనా కూడా వచ్చింది.

ఈ కథలో నాకు నచ్చేది ఒకటుంది. ఏంజెలీనాకి ఎవరూ నీతి బోధించలేదు. "కన్నతల్లిని అలా చిన్నచూపు చూడకూడదమ్మా" అని ఒక్క మాటా ఎవరూ అనలేదు. అని ఉంటే ఆ పిల్ల మూడో గుమ్మం వెతుక్కునేదేమో. తల్లి చేతికి ఒక పని ఇచ్చి, పదిమంది మధ్యా కూర్చోబెట్టారు. అంతే. మనం మాత్రం అట్లకాడ చేత్తో పుచ్చుకుని ఉపన్యాసాలిస్తాం.

అందరు పిల్లలకీ ఇలా అమ్మ దగ్గరికి దారి వెతకక్కర్లేదు. కొందరికి అసలు వీధి దాటడమే కష్టం. హిల్డా సాట్ అనే పిల్ల సంగతి చూడండి. 1882లో పోలెండ్‌లో యూదుల ఇంట పుట్టింది. తండ్రి సమాధి రాళ్ళు చెక్కే పనివాడు. కుటుంబం 1892లో షికాగో చేరింది, రెండేళ్ళకే తండ్రి పోయాడు. పొరుగున ఉండే ఐరిష్ పిల్ల ఒకసారి హల్ హౌస్‌లో క్రిస్మస్ పండగకి రమ్మంది. హిల్డా వణికిపోయింది. నేను రాను, నన్ను చంపేస్తారు అందట. పోలెండ్‌లో క్రిస్మస్ రోజున యూదుల పిల్లలు వీధిలోకి రావడానికే భయపడేవారు మరి. చివరికి స్నేహితురాలి మాట కాదనలేక వెళ్ళింది. అక్కడ రకరకాల దేశాల పిల్లలు పాటలు పాడుతున్నారు. ఎవరూ ఎవరినీ నువ్వెవరని అడగలేదు. ఇల్లు చేరింది, ప్రాణాలతోనే.

తర్వాత హిల్డా బడి మానేసి అల్లిక బట్టల ఫ్యాక్టరీలో చేరింది. ఏళ్ళ తరబడి అదే యంత్రం, అదే మోత. 1900లో ఒక సాయంత్రం మళ్ళీ హల్ హౌస్ గడప తొక్కితే, జేన్ ఆడమ్స్ స్వయంగా చెయ్యి పట్టుకుని లేబర్ మ్యూజియంలోకి తీసుకెళ్ళింది. తను రోజంతా తిప్పే యంత్రానికి ఇంత చరిత్ర ఉందా అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత ఆమె అక్కడే చదువుకుంది, కొత్తగా వలస వచ్చిన వాళ్ళకి ఇంగ్లీషు నేర్పింది, ఒక నవలని నాటకంగా మలిస్తే దాన్ని హల్ హౌస్ నాటక బృందం ప్రదర్శించింది కూడా. హిల్డా గురించి చివర్లో ఇంకో మాట చెప్పాలి, గుర్తుంచుకోండి.

1909లో జేన్ ఆడమ్స్ ఎదిగే పిల్లల మీదే ఒక చిన్న పుస్తకం రాసింది. అందులో ఆవిడ గోల ఏమిటంటే, పట్నం ఈ పిల్లల్ని పగలంతా పని కోసం పోగు చేస్తుంది, సాయంత్రం కాగానే వీధిలో వదిలేస్తుంది. ఆ వయసుకి ఆట కావాలి, పాట కావాలి, కొంచెం సాహసం కావాలి. అది అమ్మే బాధ్యత సారా దుకాణాలకీ, అయిదు సెంట్ల సినిమా హాళ్ళకీ అప్పజెప్పి మనం చేతులు దులుపుకున్నాం అంటుంది. తొమ్మిది, పదకొండు, పదమూడేళ్ళ ముగ్గురు కుర్రాళ్ళు సినిమాలో గుర్రబ్బండిని దోచుకోవడం చూసి, వారాల తరబడి డబ్బు కూడబెట్టి, తాడూ ముసుగులూ పిస్తోలూ సంపాదించి, తమ పేట పాలవాడి మీద దాడి చేశారట. గుర్రం బెదరబట్టి గుండు గురి తప్పింది గాని, లేకపోతే ఆ పాలవాడి ప్రాణం పోయేదే. సినిమాలు చెడగొడుతున్నాయని మన పెద్దలు ఎన్నేళ్ళుగా అంటున్నారో, అంతకు ముందునుంచే అక్కడ అంటున్నారన్నమాట. ఇప్పుడా నేరం సెల్‌ఫోను మీదికి మారింది. ఆవిడకీ మన పెద్దలకీ తేడా ఒక్కటే. సినిమా మానండిరా అని ఆవిడ చెప్పలేదు, ఆ పక్కనే తన నాటకశాల తలుపు తీసి పెట్టింది.

ఆ పేట కుర్రాళ్ళలో ఒకణ్ణి ప్రపంచమంతా ఎరుగును. దర్జీ డేవిడ్ గుడ్‌మన్‌కి పన్నెండుమంది సంతానం. తొమ్మిదోవాడు బెన్నీ, 1909లో పుట్టాడు. యూదుల ప్రార్థనా మందిరంలో పిల్లలకి చవగ్గా సంగీతం నేర్పుతున్నారని తెలిసి తండ్రి ముగ్గురు కొడుకుల్ని వెంటబెట్టుకెళ్ళాడు. అక్కడ వాయిద్యాలు పంచిన పద్ధతి వింటే నవ్వొస్తుంది. అందరిలోకీ భారీగా ఉన్నవాడికి పెద్ద ట్యూబా, తర్వాతవాడికి ట్రంపెట్, చిన్నవాడు బెన్నీకి క్లారినెట్. డబ్బుల్లేక ఆ బ్యాండు కొన్నాళ్ళకే మూతపడితే పిల్లలు హల్ హౌస్ బ్యాండులో చేరారు. బెన్నీ గుడ్‌మన్ పెద్దవాడై, 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీ చేశాడు. టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ అనే నల్లజాతి కళాకారులు ఆ వేదిక మీద అతనితో కలిసి వాయించారు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే వేదికెక్కడం బహు అరుదైన రోజులవి. దర్జీ తండ్రి మాత్రం ఇదేదీ చూడలేదు. 1926లోనే బండి కింద పడి పోయాడు.

ఈ సందర్భంలో ఒక మాట దాచకూడదు. ఇన్ని దేశాల పిల్లల్ని అక్కున చేర్చుకున్న హల్ హౌస్ క్లబ్బుల్లో, మొదటి కొన్ని దశాబ్దాలు, నల్లజాతి పిల్లలు కనబడడం చాలా అరుదు. 1909లో నల్లవారి హక్కుల కోసం సంఘం పెట్టినవాళ్ళలో జేన్ ఆడమ్స్ ఉంది. అయినా తన సొంత గడప విషయంలో ఆ తలుపు అంత బార్లా తెరుచుకోలేదు. 1931లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న మహాతల్లే, కాదనను. కానీ గుమ్మాల గురించి మాట్లాడుకుంటూ ఈ గుమ్మం సంగతి వదిలేస్తే ఎలా?

నాటకం సంగతికొస్తే, అసలు విశేషం 1920లలో జరిగింది. నీవా బాయిడ్ అనే ఆవిడ హల్ హౌస్‌లో ఆటల ద్వారా పిల్లలకి ఎలా నేర్పాలో శిక్షణ ఇచ్చేది. 1924 నుంచి మూడేళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకున్న అమ్మాయి వయోలా స్పోలిన్. ఈమెదీ షికాగోలో వలస వచ్చిన యూదుల కుటుంబమే. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1939లో, ప్రభుత్వ పథకం కింద షికాగో పేటల పిల్లలతో నాటకాలు ఆడించే ఉద్యోగం దొరికింది. భాషలు వేరు, కట్టుబాట్లు వేరు, పైగా సిగ్గు. "ఇలా నటించు, అలా నటించు" అంటే బిగుసుకుపోయే పిల్లలు. అందుకని ఆమె నటన అన్న మాటే ఎత్తకుండా ఆటలు కల్పించింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి, ఒకరు మనిషి, ఒకరు అద్దం. మనిషి చెయ్యెత్తితే అద్దం చెయ్యెత్తాలి. ఇంకో ఆటలో ఏ భాషకీ చెందని మాటలు, మన పిల్లలు "కచటతప" భాష మాట్లాడుకున్నట్టు, నోటికొచ్చిన శబ్దాలతో సంగతంతా చెప్పాలి. అందరికీ రాని భాషలో ఎవరికి ఎక్కువొచ్చు, ఎవరికి తక్కువొచ్చు చెప్పండి! ఆ ఆటలన్నీ కూర్చి 1963లో ఆమె పుస్తకం వేసింది. ఆమె కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో షికాగోలో పెట్టిన సెకండ్ సిటీ అనే హాస్య నాటకశాల, అమెరికాలో ఎందరో నటుల్ని తయారుచేసింది.

అద్దం ఆటనే తీసుకోండి. ఆడేది ఇద్దరు. ఒకరు లేచి వెళ్ళిపోతే రెండోవాళ్ళకి ఆట లేదు. బ్యాండులో ట్యూబా మోసే కుర్రాడు రాకపోతే ఆ రోజు పాటలో ఒక కన్నం పడుతుంది. ఇంట్లో మనం పిల్లల్ని ప్రేమిస్తాం, కాదనను, కానీ పదిహేనేళ్ళ పిల్ల లేకపోతే ఇంట్లో ఏ పనీ ఆగదు. స్కూల్లో అంతకన్నా ఆగదు, అరవైమందిలో ఒకరు రాకపోతే హాజరుపట్టీలో ఒక అడ్డగీత. నువ్వు రాకపోతే ఈ నాటకం ఆడలేం అని వాళ్ళతో ఎవరైనా అంటే, ఆ మాటకి ఆ వయసులో ఎంత బలం ఉంటుందో!

జేన్ ఆడమ్స్ 1935లో పోయింది. ఆ తర్వాత కూడా హల్ హౌస్ నడిచింది. 1961లో షికాగో నగరం ఆ పేటని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కొత్త ప్రాంగణానికి ఇవ్వాలని నిర్ణయించింది. ఆ పేటలోనే పుట్టి పెరిగిన ఫ్లోరెన్స్ స్కాలా అనే ఇటాలియన్ దర్జీ కూతురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళని కూడగట్టి, మేయరు కార్యాలయం దాకా వెళ్ళి, కోర్టులకెక్కి పోరాడింది. గెలవలేదు. 1963లో పదమూడు భవనాల్లో పదకొండు నేలమట్టమయ్యాయి. సంగీత పాఠశాలా పోయింది, నాటకశాలా పోయింది. చార్లెస్ హల్ కట్టించిన పాత ఇల్లూ, భోజనశాలా మాత్రం మిగిలాయి. అందులో 1967 నుంచి మ్యూజియం ఉంది. సంస్థ ఊరంతా చెదిరి సేవలు చేస్తూ, చేస్తూ, డబ్బుల్లేక 2012 జనవరిలో తలుపులు మూసేసింది.

హిల్డా సంగతి చెప్తానన్నాను కదూ. పెళ్ళయి, పిల్లలు పుట్టి, భర్త పోయి, ముసలితనంలో తన కథంతా రాసుకుంది. ప్రచురణకర్తల చుట్టూ తిప్పితే, ఊరూ పేరూ లేని మనిషి జీవితం ఎవరు చదువుతారమ్మా అన్నారు. రాతప్రతి పెట్టెలోనే ఉండిపోయింది, హిల్డా 1967లో పోయింది. ఆవిడ కూతురు డీనా ఎప్స్టీన్ సంగీత గ్రంథాలయాల్లో పనిచేసి, నల్లవారి పాటల చరిత్ర మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్న పండితురాలు. ఆ కూతురు అమ్మ కాగితాలు వెతికి, పోగుచేసి, వరుసలో పెట్టి, 1989లో పుస్తకంగా తెచ్చింది. అచ్చు వేసింది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ప్రెస్సు. హల్ హౌస్ ఉన్న స్థలంలో ప్రాంగణం కట్టుకున్న విశ్వవిద్యాలయమే.